పాత మోటారు కారును దూరప్రయాణమునకు సిద్ధపరచుట

వేసవి సెలవులు వచ్చినంతనే అనేక కుటుంబములవారు దూరప్రయాణములకు సన్నద్ధులగుదురు. క్రొత్త కారు గలవారు పెట్రోలు పోయించుకొని బయలుదేరుదురు. పాత కారు గలవారి మాట వేరు. వయస్సు మీరిన బండి ఊరు దాటునాయని కొందరు దానిని షెడ్డునందే యుంచి రైలెక్కుదురు. ఇన్నేండ్లు నడచినది ఇంకొక నాలుగు దినములు నడవదాయని మఱికొందరు ఒక్క మరనైనను తడవి చూడక యింటిల్లిపాదిని దానిలో నెక్కింతురు. మొదటివారి భయమునకును, రెండవవారి ధైర్యమునకును మూలమొక్కటియే: ఇరువురును బండిని పరీక్షింపలేదు. పాత కారు నమ్మదగినదే గాని, పరీక్షించిన పిమ్మట మాత్రమే నమ్మదగినది. ఆ పరీక్ష యెట్లు చేయవలయునో, ఏది ముందు ఏది వెనుక చూడవలయునో మా చదువరులకు తెలియజేయుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మోటారు బండిపై జరిగిన మొదటి దూరప్రయాణమే మనకీ విషయమున నొక పాఠము నేర్పుచున్నది. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమందు బెర్తా బెంజ్ అను నామె, తన భర్తయగు కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిపై, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు నూరు కిలోమీటరులకు పైగా ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడిపోగా తన టోపీ పిన్నుతో దానిని శుభ్రపరచెను. ఇంధనము తక్కువకాగా వీస్లోక్ అను నూరిలో మందుల దుకాణమున కొనెను. బ్రేకు దిమ్మెలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. ఆమెకు ముందు మోటారు బండిపై నంత దూరము పోయినవారు లేరు గనుక, ఏది యెప్పుడు చెడునో త్రోవలోనే తెలిసికొనవలసి వచ్చెను. అటు పిమ్మట నూటముప్పది యేండ్లకు పైగా గడచినవి. ఏది చెడునో నేడు మనకు ముందే తెలియును. తెలిసియు, ఇంటియొద్ద చేయదగిన పనిని త్రోవకు విడిచిపెట్టుట సాహసము కాదు, అశ్రద్ధ.

మన దేశమున పాత కారనగానే అంబాసిడరు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవ శ్రేణిని అనుసరించి, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడా కర్మాగారమున ఇది 1950లు తుదినుండి 2014వ సంవత్సరము మే మాసము వఱకు తయారైనది. కాబట్టి అంబాసిడరులలో మిక్కిలి పిన్నదియు నేటికి పదియేండ్లు దాటినదే. విజయవాడలోని యొక కుటుంబమువారు, 1489 ఘన సెంటీమీటరుల పెట్రోలు ఇంజను గల పాత అంబాసిడరులో అరకులోయకు పోదలచిరని యుదాహరణమునకు అనుకొందము. విజయవాడనుండి విశాఖపట్టణమునకు జాతీయ రహదారిపై సుమారు 350 కిలోమీటరులు. అచ్చటినుండి శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డున అరకునకు సుమారు 115 కిలోమీటరులు. రహదారి చదునైనది, వేసవి యెండకు పెనమువలె కాలునది. ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుచు సముద్రమట్టమునకు 900 మీటరులకు పైబడిన యెత్తునకు ఎక్కును. మొదటిది టైర్లను శోధించును. రెండవది ఎక్కునపుడు రేడియేటరును, దిగునపుడు బ్రేకులను శోధించును. పాత కారునందలి లోపములను బయటపెట్టుటకు ఇంతకంటె మంచి పరీక్ష యుండబోదు.

ఏది ముందు?

ప్రయాణమనగానే మనవారు సాధారణముగా మొదట సీట్లకు క్రొత్త గుడ్డలు తొడిగింతురు. పిదప హారను మ్రోగించి చూతురు. కాలముండిన ఇంజనును మెకానిక్కునకు చూపుదురు. బ్రేకులు పట్టుచున్నవి గదాయని వానిని విడిచిపెట్టుదురు. ఈ వరుస తలక్రిందులుగా నుండవలయును. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో బండి నిలువదు. మొదటిదానివలన పోవునది ఒక దినము. రెండవదానివలన పోవునవి ప్రాణములు. కాబట్టి బండిని నిలుపునవి మొదటను, నేలను తాకునవి రెండవదిగను, బండిని త్రిప్పునవి మూడవదిగను, చల్లార్చునవి నాలుగవదిగను, మండించునవి అయిదవదిగను చూడవలయును. చేతిలోని సొమ్ము తక్కువైనచో ఈ వరుస చివరనుండి తగ్గింపవలెనే గాని మొదటినుండి తగ్గింపరాదు.

బ్రేకులు

పాత అంబాసిడరులందు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండును. పాదముతో నొక్కిన యొత్తిడి, బ్రేకు ఆయిలు ద్వారా సన్నని గొట్టములగుండ చక్రములకు చేరి, అచ్చటి షూలను డ్రమ్మునకు అదుమును. ప్రాచీనములగు నమూనాలలో నాలుగు చక్రములకును ఆయిలు మార్గమొక్కటియే. ఎచ్చటనైన నొక్క గొట్టము పగిలినచో నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. అప్పుడు మిగులునది చేతి బ్రేకు మాత్రమే. అందువలన చేతి బ్రేకును కూడ సరిచేయింపవలయును.

బ్రేకు ఆయిలు చూచుటకు స్వచ్ఛముగా నున్నను గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 అను తరగతి ఆయిలు క్రొత్తదైనపుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకైనను మరుగకుండవలయునని నియమము గలదు. తేమ చేరిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. ఘాట్ రోడ్డున దిగునపుడు బ్రేకును విడువక త్రొక్కినచో డ్రమ్ములు మిక్కిలి కాగును; ఆ వేడి ఆయిలునకు చేరి, దానిలోని నీరు ఆవిరియగును. ద్రవము నొక్కిన నొత్తిడి ముందునకు సాగును. ఆవిరి నొక్కిన అది ముడుచుకొనును. అప్పుడు పెడలు నేలకంటుకొనును గాని బండి నిలువదు. బల్లపరుపు నేలపై నేండ్ల తరబడి చక్కగా పనిచేసిన బ్రేకు, కొండ దిగునపుడు మోసగించుటకు కారణమిదియే. రెండేండ్లకొకసారి ఆయిలును పూర్తిగా మార్పించుటకు అయ్యెడు వ్యయము స్వల్పము. ఆ గిన్నెలో ఇంజను ఆయిలు పొరపాటుననైనను పోయరాదు. దానివలన లోపలి రబ్బరు ఉబ్బి చెడును.

ఇంటియొద్ద సులభముగా చేయదగిన పరీక్ష యొకటి గలదు. బండిని నిలిపి బ్రేకు పెడలును గట్టిగా నొక్కి ఒక నిమిషముపాటు అట్లే యుంచవలెను. పెడలు కదలక నిలిచిన మేలు. మెల్లమెల్లగా క్రిందికి దిగినచో ఆయిలు ఎచ్చటనో కారుచున్నదని గ్రహింపవలెను. మెత్తగా, గాలి నింపిన బంతివలె తోచినచో గొట్టములలో గాలి చేరినదని తెలిసికొనవలెను. పిదప నాలుగు డ్రమ్ములను విప్పించి లైనింగు మందమును, చక్రపు సిలిండరుల కారుడును, రబ్బరు గొట్టముల పగుళ్లను కన్నులార చూడవలయును.

టైర్లు

టైరునకు అరుగుదల యొకటి, వయస్సు వేఱొకటి. తక్కువగా తిరుగు పాత కార్ల టైర్లు అరుగకయే ముసలివగును. గాళ్లు లోతుగా నుండుటచేత యజమాని మోసపోవును. టైరు ప్రక్కభాగమున నిర్మాణకాలమును దెలుపు నాలుగంకెల సంఖ్య యొకటి యచ్చువేయబడి యుండును. మొదటి రెండంకెలు వారమును, కడపటి రెండంకెలు సంవత్సరమును దెలుపును. 3219 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరము 32వ వారమున తయారైనదని యర్థము. ఆరేండ్లు దాటిన టైరును అనుమానింపవలయును. పదియేండ్లు దాటినదానిని ఎంత క్రొత్తగా కనబడినను తీసివేయవలయును. ప్రక్కలయందు వెండ్రుకలవంటి పగుళ్లు కనబడినచో వయస్సుతో పనిలేదు. గాళ్ల నడుమ అరుగుదలను తెలుపు చిన్న గట్లు 1.6 మిల్లీమీటరుల యెత్తున నుండును. గాళ్ల లోతు ఆ గట్లతో సమమైనచో టైరు కాలము తీరినదే. స్టెప్నీని కూడ ఇట్లే పరీక్షింపవలయును. డిక్కీలో దాగియున్నంత మాత్రమున దాని వయస్సు ఆగదు.

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునందును అధికముగా వంగుచు లేచుచు వేడెక్కును. వేసవి మధ్యాహ్నమున కాలుచున్న రోడ్డుపై, బరువుతో, వేగముతో పోవునపుడు టైరు పగులుటకు గాలి తక్కువ యగుట ముఖ్యకారణము. కాబట్టి గాలిని ప్రాతఃకాలమున, చక్రములు చల్లగా నున్నపుడే కొలిపించి, కారు చేసినవారి పుస్తకములోని కొలతకు సరిచేయవలెను. ఆగిన చోట కాగిన టైరునుండి గాలి తీయించుట మనవారిలో గల యొక దురభ్యాసము. చల్లబడిన పిమ్మట అందు గాలి కొఱతపడి, మరునాడు మునుపటికంటె నెక్కువగా కాగును.

స్టీరింగును, చక్రములును

అంబాసిడరు ముందు చక్రముల మలుపు కీళ్లకును, ఇంజనునుండి వెనుక చక్రములకు పోవు పొడుగాటి కడ్డీ కీళ్లకును గ్రీజు ఎక్కించు చిన్న ముక్కులు గలవు. నేటి కార్లకు పెక్కింటికి ఇట్టివి లేవు. అందుచేత నేటి పనివారు కొందరు వానిని చూడకయే విడిచిపెట్టుదురు. యజమాని ప్రక్కన నిలిచి ఒక్కొక్క ముక్కునకును పాత గ్రీజు వెలికి వచ్చువఱకు క్రొత్తది ఎక్కింపించవలయును. పిదప ముందు చక్రమును జాకీపై లేపి, క్రింద దిమ్మెలు పెట్టి, పైనను క్రిందను చేతులతో పట్టి కదపవలెను. ఆట యున్నచో బేరింగో కీలో అరిగినదని యర్థము. కుడి యెడమల పట్టి కదపగా ఆట యున్నచో టై రాడ్డు చివరలను చూడవలెను. చక్రపు నట్లను తుదకొకసారి స్వయముగా పానాతో బిగించుకొనుట మేలు.

చల్లార్చు యంత్రములు

ఈ యింజనునందు ఒక్క ఫ్యాను బెల్టే ఫ్యానును, నీటి పంపును, కరెంటు పుట్టించు డైనమోను త్రిప్పును. అది తెగినచో మూడు పనులును ఒక్కసారి నిలిచిపోవును. అంచులు పేలికలైనను, లోపల పగుళ్లున్నను దానిని మార్చి, వేఱొకటి వెంట ఉంచుకొనవలయును. బొటనవ్రేలితో నడుమ నొక్కగా సుమారు అర అంగుళము దిగుట తగిన బిగువు.

మన యూళ్ల బావినీటిలో ఉప్పులు మెండు. సంవత్సరముల తరబడి అట్టి నీటిని పోసిన రేడియేటరు సన్నగొట్టములు కాచిన గిన్నె యడుగువలె సున్నము పట్టి పూడిపోవును. దానిని విప్పించి కడిగింపవలెను. పిదప శుద్ధజలముతో కలిపిన కూలెంటునే పోయవలెను. రేడియేటరు మూత కేవలము మూత కాదు, ఒత్తిడిని కాపాడు పరికరము. చదరపుటంగుళమున కొక పౌను ఒత్తిడి పెరిగినచో నీరు మరుగు వేడిమి సుమారు ఒకటిన్నర డిగ్రీ సెంటీగ్రేడు పెరుగును. 900 మీటరుల యెత్తున బయటి గాలి ఒత్తిడి తగ్గుటచేత నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. పదార్థవిజ్ఞానము చదువు విద్యార్థులు ఈ రెండు సంగతులను కలిపి చూచినచో, రబ్బరు వాషరు ఎండిపోయిన మూతతో ఘాట్ రోడ్డు ఎక్కిన బండి యేల పొంగునో తామే చెప్పగలరు.

ఎక్కునపుడు వేడిమి ముల్లు పైకి పోయినచో బండిని ప్రక్కకు తీసి, ఇంజను కొంతసేపు నెమ్మదిగా తిరుగనిచ్చి, పిదప ఆపి, అరగంటకు తక్కువ గాకుండ వేచియుండవలెను. వేడిగా నున్నపుడు మూత విప్పినచో మరుగుచున్న నీరు ముఖముపైకి చిమ్మును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో ఇనుము పగులవచ్చును. ఓర్పువహించుటకంటె వేఱుపాయము లేదు.

పెట్రోలును, తీగలును

ఈ కారు రూపొందిన కాలమునకును నేటికిని పెట్రోలే మారినది. సీసము కలిపిన పెట్రోలు మన దేశమున 2000వ సంవత్సరము ఫిబ్రవరితో నిలిచిపోయినది. 2025వ సంవత్సరమునాటికి పెట్రోలునందు నూటికి సుమారు 20 వంతులు ఇథనాలు కలుపు స్థితికి వచ్చినాము. ఇథనాలు పాతకాలపు రబ్బరును మెత్తబరచును, తేమను ఆకర్షించును, ట్యాంకులో పేరుకొన్న మడ్డిని కదలించును. కావున ట్యాంకునుండి కార్బురేటరు వఱకు గల రబ్బరు గొట్టములనన్నిటిని ఇథనాలునకు తట్టుకొను క్రొత్తవానితో మార్పించి, మధ్యనొక జల్లెడ పెట్టించవలెను. ఇది మైలేజీకి సంబంధించిన మాట కాదు. కాగుచున్న ఇంజనుపై పెట్రోలు చుక్క రాలుట అగ్నిప్రమాదమునకు దారి. ఎండి పెళుసైన కరెంటు తీగలును అట్టివే. ఈ కార్లలో ఫ్యూజులు బహు కొద్ది గనుక తీగలు ఒకదానికొకటి తగిలినచో కాపాడునది తక్కువ. తొడుగు ఊడిన తీగలను మార్పించి, చిన్న అగ్నిమాపక డబ్బాను డ్రైవరు చేతికందునట్లు బిగింపవలెను.

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల యెడమును సుమారు 0.4 మిల్లీమీటరునకు సరిచేయించుట, ప్లగ్గులను తుడిపించుట, ఇంజను ఆయిలును మార్పించుట మెకానిక్కులకు అలవాటైన పనులే. పాత ఇంజను ఆయిలును కొంత త్రాగును. పెట్రోలు పోయించినప్పుడెల్ల కొలపుల్ల తీసి చూడవలయును.

ప్రయోగ ప్రయాణము

మరమ్మతులన్నియు బయలుదేరుటకు వారము దినములకు ముందే ముగియవలయునని మేము గట్టిగా చెప్పుచున్నాము. ముందటి రాత్రి బిగించిన క్రొత్త వస్తువు పాతదానికంటె నమ్మదగినది కాదు. బిగువు చాలని నట్టు, సరిగా కూర్చోని గొట్టము, లోపమున్న సరకు మొదటి నూరు కిలోమీటరులలోనే బయటపడును. కాబట్టి ఇంటికి చేరువనే, అందరిని గాక ఇద్దరిని మాత్రమే యెక్కించుకొని, నూరు కిలోమీటరుల ప్రయోగ ప్రయాణము చేయవలెను. తిరిగివచ్చి నాలుగు చక్రముల నడిభాగములను చేతితో మెల్లగా తాకి చూడవలెను. ఒకటి తక్కినవానికంటె మిక్కిలి వేడిగా నున్నచో అచ్చట బ్రేకు ఒరయుచున్నదనియో, బేరింగు బిగిసినదనియో తెలియును. మరునాటి ఉదయము బండి క్రింద ఒక తెల్లకాగితము పరచి, ఏ చుక్క యెచ్చట పడినదో చూడవలెను.

వెంట కొనిపోవలసినవి కొన్నియే: ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టములు, పాయింట్ల జత, ఫ్యూజులు, బల్బులు, బ్రేకు ఆయిలు, ఇంజను ఆయిలు, పది లీటరుల నీరు, జాకీ, పానాలు, ఇనుప తీగ, టార్చిలైటు, రోడ్డుపై నుంచు ఎఱ్ఱ త్రికోణము. అంబాసిడరు వస్తువులు ఇప్పుడు ప్రతి యూరను దొరకవు గనుక వీనిని ముందుగానే తెప్పించుకొనవలయును. పత్రముల విషయమున నొక్క మాట: సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును, పిదప అయిదేసి యేండ్లకు పరీక్ష చేయించి పొడిగించుకొనవలయును. దీనిని, బీమాను, పొగ పరీక్ష పత్రమును చూచుకొనవలెను. జాతీయ రహదారిపై సహాయమునకు 1033, అంబులెన్సునకు 108 అను సంఖ్యలను పిల్లలకు కూడ నేర్పవలెను.

నడుపువాడు

బండి యెంత చక్కబడినను నడుపువాడు అలసినచో ప్రయోజనము లేదు. పాత కారు దీపముల వెలుతురు కొంచెము, బ్రేకు దూరమెక్కువ. కాబట్టి తెల్లవాఱగట్ల బయలుదేరి ప్రొద్దు గ్రుంకక మునుపే గమ్యము చేరవలెను. రెండేసి గంటలకొకసారి ఆగవలెను. విజయవాడనుండి అరకునకు ఒక్క దినముననే పోవుటకు ఆశపడక విశాఖపట్టణమున రాత్రి నిదురించి, చల్లని యుదయమున కొండ యెక్కుట యుక్తము. దిగునపుడు ఎక్కుటకు వాడిన గేరునే వాడవలెను. ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును, బ్రేకులకు విరామము చిక్కును. పెట్రోలు ఆదా యగునని గేరు తీసి, ఇంజను ఆపి బండిని జారవిడుచుట ప్రాణాంతకము. మిక్కిలి పాత కార్లలో సీటు బెల్టులు లేవు. గట్టి యాధారమున్నచోట వానిని బిగింపించవలెను. పిల్లలను ముందు సీటున ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు.

విద్యార్థులారా, ఈ పనులలో కొన్ని మీరును చేయదగినవి. టైరుపై సంఖ్యను చదివి వయస్సు లెక్కకట్టుటకును, తెల్లకాగితముపై చుక్కలను గుర్తించుటకును, చేసిన ప్రతి పనిని తేదీతో నొక నోటుపుస్తకమున వ్రాయుటకును మెకానిక్కు అక్కరలేదు. అట్టి పుస్తకము గల పాత కారు, అది లేని క్రొత్త కారుకంటె నమ్మదగినది. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే. నిర్ణయించిన దినమునకు బ్రేకుల పని ముగియనిచో ప్రయాణమును వాయిదా వేయుడు. పిల్లలు ఒక పూట అలుగుదురు. అరకులోయ యెచ్చటికిని పోదు. బయలుదేరినవారందరును క్షేమముగా ఇల్లు చేరినప్పుడే ఆ ప్రయాణము సఫలమైనదని చెప్పదగును.